బోరు సంగతి తర్వాత, ముందు బాట చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. నాన్న కష్టార్జితంతో కొన్న నాలుగెకరాల ఇరవై సెంట్ల ఎర్రనేల ఉంది. వీలునామా రాయకుండానే ఆయన పోయారు. పాసుపుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. వంక దాటి, పక్క రైతు గట్టు మీద నడిచి పొలానికి పోతాం. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. అమ్మేద్దామంటే బ్రోకరు ‘బోరు వేసి చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టండి, మంచి రేటు పలుకుతుంది’ అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు (రిటైర్డ్ మండల సర్వేయరు): వద్దు బాబూ. వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప నీళ్లు రాని ఊళ్లున్న జిల్లా మనది. బోరు ఫెయిలైతే ఖర్చు ఒక్కటే కాదు నష్టం. పొలం మధ్యలో ఎండిన కేసింగు పైపు కనిపిస్తే ఎవడైనా బేరం తగ్గించే మాట్లాడతాడు. అసలు బోరే వేయని పొలం మీద కొనేవాడికి ఆశన్నా ఉంటుంది. ఇక చీనీ కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు. బెంగళూరులో కూర్చుని పెంచే చెట్లా అవి?

మీ ధరను కోస్తున్నది ఆ గట్టు. ఏళ్ల తరబడి నడిచాం కాబట్టి హక్కుందని కోర్టులో వాదించొచ్చు, కానీ వ్యాజ్యం కొనుక్కోవడానికి ఎవరొస్తారు? ట్రాక్టరు ట్రాలీతో సహా మలుపు తిరగాలంటే పన్నెండు అడుగులైనా కావాలి. పక్క రైతు దగ్గర అంత మేర నేల కొనండి, లేదంటే డబ్బు కట్టి దారి హక్కు పత్రం రిజిస్టరు చేయించండి. అందులో సర్వే నంబరు, ఏ గట్టు వెంట, ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నీ ఉండాలి, స్కెచ్ జతచేయాలి. ‘పాత అలవాటు ప్రకారం’ అని రాసిన కాగితాలు నా సర్వీసులో చాలా చూశాను. తగాదా వచ్చిన రోజు ఒక్కటీ నిలబడలేదు. మీరు అమ్ముతున్నారని తెలిస్తే ఆయన రేటు పెంచుతాడు కాబట్టి బ్రోకరు ఊళ్లో నోరు విప్పకముందే ఈ పని ముగించండి. వంకలో తూములు వేసి గ్రావెల్ తోలిస్తే కారు పొలం దాకా వస్తుంది. కాకపోతే వంక పొరంబోకు, అంటే సర్కారు భూమి, అనుమతి లేకుండా మట్టి కదపొద్దు.

కాగితాల విషయానికొస్తే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తోబుట్టువులకు సమాన వాటాలు. మీ నాయనమ్మ ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. ‘చెల్లెలికి పెళ్లిలో ఇచ్చేశాం’ అన్న లెక్క చట్టానికి పట్టదు. అందరి పేర్లతో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించి, రెవెన్యూ భూమి రికార్డులైన అడంగల్, 1బీ సరిచూడండి. పొలం మీద తాకట్లు, పాత లావాదేవీలు చూపే ఈసీ తీయండి. రిజిస్ట్రేషన్ జరగని భూముల 22ఏ నిషేధిత జాబితాలో మీ నంబరు లేదని నిర్ధారించుకోండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు కాదు, రీసర్వేలో కొత్తగా ఇచ్చిన ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు చూడాలి.

సచివాలయంలో దరఖాస్తు పెట్టి కొలతలు వేయించి, హద్దు రాళ్లు పాతించండి. సాలు సాలుకూ గట్టు జరిగే పొలాలు మనవి. కాగితం మీది ఇరవై సెంట్లు నేల మీద ఉన్నాయో లేదో మీకంటే ముందు కొనేవాడికి తెలియకూడదు కదా.

పక్క రైతు దారి ఇవ్వనని మొండికేస్తే ‘పొలమే కొంటావా’ అని ఆయన్నే అడగండి. దారి లేని ఆ పొలానికి పూర్తి ధర కట్టగలిగింది ఆయనొక్కడే.