అక్కడ 150, ఇక్కడ 90... గాలి మాత్రం అదే

ప్రశ్న: అమ్మాయి కాన్పు కోసం జూన్‌లో నేనూ మావారూ న్యూజెర్సీ వెళుతున్నాం. ఆయనకు ఆస్తమా. కెనడా అడవుల పొగ వస్తుందేమోనని అమ్మాయి ఇప్పటి నుంచే టెన్షన్ పడుతోంది. గాలి సూచీ 150 దాటితే కిటికీలు బిగించేస్తుందట. హైదరాబాద్‌లో అంత ఉన్నా ఈయన వాకింగ్ మానరు. అమ్మాయిది అతి జాగ్రత్తేనా? ప్రయాణం వాయిదా వేసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ప్రయాణం మానుకోవద్దు. కానీ మీ అమ్మాయి చెప్పినట్టు వినండి.

తికమకంతా అంకెల దగ్గరే ఉంది. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి 55 మైక్రోగ్రాములుంటే అమెరికా సూచీ 150 చూపిస్తుంది. అదే గాలికి మన సూచీ 90 చూపించి, 'సంతృప్తికరం' అంటుంది. ఈ ధూళి రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన ప్రమాణం 60. ఆ ధూళి వల్లే ఇక్కడి సూచీ 150కి చేరిందంటే, అమెరికా లెక్కలో అది ఎరుపు రంగు రోజు, అంటే ఆరోగ్యానికి హాని చేసే గాలి. నిజానికి నాకు న్యూజెర్సీ కంటే మీవారి హైదరాబాద్ వాకింగే ఎక్కువ దిగులుగా ఉంది. అలాంటి రోజుల్లో ఆయన్ని ఇంట్లోనే నడవమనండి.

2023 జూన్ 7న న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. ఆ పొగ ఎక్కడో కెనడాలోని క్యూబెక్ అడవుల నుంచి వచ్చింది. మంచు ముందుగా కరిగి, ఎండలు ముదిరి, నేల మీది ఆకూ పుల్లా ఎండిపోతే ఒక్క పిడుగు చాలు. భూమి వేడెక్కేకొద్దీ అలాంటి రోజులు పెరుగుతున్నాయి. ఆ ఏడాది కెనడాలో తగలబడిన అడవి తెలంగాణ విస్తీర్ణం కంటే ఎక్కువ. అయితే పొగ ఏటా న్యూజెర్సీ దాకా రావాలనేం లేదు, గాలి వాటాన్ని బట్టి ఉంటుంది.

ఈ పొగ గర్భిణులకూ మంచిది కాదు. నెలలు నిండకుండా కాన్పు కావడానికి, బిడ్డ బరువు తగ్గడానికి దీనితో సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి అమ్మాయి భయం నాన్న కోసమే అనుకోకండి.

మీవారు రోజూ వాడే ఇన్‌హేలర్‌ను, ఆయాసం లేదు కదా అని ఆపకూడదు. మందులు, చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వద్దు. పొగ రోజుల్లో బయటికి వెళ్లక తప్పకపోతే ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు కావాలి. గుడ్డ మాస్కు ఆ ధూళిని ఆపలేదు. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ ఒకటి పడకగదిలో పెట్టించండి. కిటికీలు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు అగరొత్తులు వెలిగించకండి, గారెలూ బజ్జీలూ పెట్టుకోకండి. ఆ పొగ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్‌తో ఉపశమనం రాకపోయినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఖర్చవుతుందని ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయించండి. ఇన్సూరెన్స్ ఇక్కడి నుంచే తీసుకోండి, తీసుకునేటప్పుడు ఆస్తమా సంగతి దాచకండి.