ప్రధాని పేషీలో సీన్ రాయాలంటే

ప్రశ్న: నేను రాస్తున్న రాజకీయ సీరియల్ ఒక ఊహా గణతంత్రంలో నడుస్తుంది. దేశానికి పేరు, జెండా, ఆఖరికి ప్రధానమంత్రి ఇంటిపేరు కూడా కుదిరాయి కానీ ఆయన ఆఫీసు సీన్లు మాత్రం పాత సినిమాలో మంత్రిగారి గదిలాగే వస్తున్నాయి. పెద్ద బల్ల, నాలుగు ఫోన్లు, గోడకి గాంధీగారి లాంటి ఒక పెద్దాయన ఫొటో. నిజానికి అక్కడ ఏం జరుగుతుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ బల్ల వదిలేసి పక్క గదిలోకి వెళ్లండి. ప్రధాని గదిలో చాలాసార్లు జరిగేది చివరి సంతకమే. ఆ సంతకం దాకా ఏ కాగితం రావాలి, ఏది ఇంకో పది రోజులు నానాలి అన్నది తేల్చేవాడు పక్క గదిలో ఉంటాడు. మీకు హీరో కావాలన్నా విలన్ కావాలన్నా నేనైతే అక్కడే వెతుకుతాను.

మన దేశాన్నే తీసుకోండి. రాజ్యాంగంలో ప్రధానమంత్రి ఉన్నారు, 74, 75, 78 అధికరణలు చూస్తే కనిపిస్తారు, కానీ ప్రధానమంత్రి కార్యాలయం అనే మాట అందులో ఎక్కడా లేదు. ఏ శాఖ ఏ పని చేయాలో చెప్పే 1961 నాటి నిబంధనల్లో దాని పని ఒక్క ముక్కలో ఉంటుంది, ప్రధానికి సచివాలయపరంగా సాయం చేయడం అని. ఆ ఒక్క ముక్క కింద ఎంత అధికారం ఇమిడిందో చూడండి. 1964లో శాస్త్రిగారు ఎల్.కె. ఝాను కార్యదర్శిగా తెచ్చుకున్నాక ఆ ఆఫీసుకి బరువు పెరిగింది. ఇందిర దగ్గరికి పి.ఎన్. హక్సర్ వచ్చాక ఇంకా పెరిగింది, 1969 జులైలో 14 బ్యాంకుల జాతీయీకరణ వెనక ఆయన చెయ్యి ఉంది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి దాని ప్రాభవం తగ్గించాలని చూసింది, సచివాలయం అన్న పేరు తీసేసి కార్యాలయం చేసింది. పేరైతే నిలిచింది గానీ ప్రాభవం మళ్లీ మామూలే.

పీవీగారి సంగతి మీకు ఇంకా పనికొస్తుంది. 1991 సంస్కరణలనగానే మన్మోహన్ సింగ్ పేరు చెబుతాం, న్యాయమే, కానీ పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు, ప్రిన్సిపల్ సెక్రటరీగా ఎ.ఎన్. వర్మను పెట్టుకున్నారు. విదేశీ పెట్టుబడుల ప్రతిపాదనలు చూసే బోర్డును కూడా పీఎంఓలోనే పెట్టి వర్మనే దానికి అధ్యక్షుణ్ని చేశారు. ఏ శాఖకు ఆ శాఖ అడ్డుపుల్ల వేయకుండా అందరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే ఏర్పాటన్నమాట. వర్మ పేరు ఎంతమందికి తెలుసు? మీ కథలో అలాంటి మనిషి ఒకడుండాలి.

ఇక సీన్ దగ్గరికి వద్దాం. పాత కాగితం ఫైలు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ఒకవైపు లేత ఆకుపచ్చ నోట్ షీట్లు, ఇంకోవైపు వచ్చిన ఉత్తరాలు, మన సెక్రటేరియట్ వాళ్లు నోట్ ఫైల్, కరెంట్ ఫైల్ అంటారు. కింది గుమాస్తా దగ్గర్నుంచి ఒక్కొక్కరూ తమ మాట రాసి, సంతకం పెట్టి పైకి పంపుతారు. అలా వచ్చిన ఫైలుని ఆపాలంటే 'వద్దు' అని రాయనక్కర్లేదు. మార్జిన్‌లో 'ప్లీజ్ స్పీక్' అని రాస్తే చాలు, ఫైలు వెనక్కి వెళ్తుంది, పిలిచి ఏం చెప్పారో కాగితం మీద మిగలదు. ఆరు పేజీల గొడవ సీన్ కంటే ఆ రెండు మాటలే పాఠకుడికి టెన్షన్ పుట్టిస్తాయి. ఈ-ఆఫీస్ వచ్చాక ఫైలు కంప్యూటర్లోకి వెళ్లింది గానీ ఫోన్ చేసి చెప్పే అలవాటు ఎక్కడికీ పోలేదు.

గూఢచారి ట్రాక్ పెట్టాలనుకుంటే కల్పించనక్కర్లేదు. పశ్చిమ జర్మనీ చాన్సలర్ విలీ బ్రాంట్ పక్కనే తిరిగిన సహాయకుడు గుంటర్ గియోమ్ తూర్పు జర్మనీ మనిషని 1974 ఏప్రిల్లో బయటపడింది, మరుసటి నెలలో బ్రాంట్ రాజీనామా చేశారు. మన దగ్గర 1985 జనవరిలో రాజీవ్ గాంధీ ప్రిన్సిపల్ సెక్రటరీ పి.సి. అలెగ్జాండర్ తప్పుకున్నారు. రహస్య పత్రాలు బయటికి చేరవేసింది ఆయన కాదు, ఆయన ఆఫీసులో సిబ్బంది. అయినా ఆయన బాధ్యత తీసుకుని వెళ్లిపోయారు. రెండు చోట్లా దొరికింది మంత్రులు కాదు, రోజూ కాగితాలు పట్టుకునే వాళ్లు.

ఒక్కటి మాత్రం రాయడానికి ముందే తేల్చుకోండి, మీ గణతంత్రంలో అధ్యక్షుణ్ని ఎవరు ఎన్నుకుంటారు? నేరుగా జనమే ఎన్నుకుంటే ఫ్రాన్స్ లాంటి పరిస్థితి వస్తుంది. అక్కడ 1986, 1993, 1997 ఎన్నికల తర్వాత అధ్యక్షుడిది ఒక పక్షం, ప్రధానిది ఇంకో పక్షం అయ్యాయి, ఒకే ఒరలో రెండు కత్తులు. ప్రధాని ఆఫీసు మాటిన్యోన్ భవనంలో ఉంటుంది. శాఖల మధ్య తగవు తీర్చాక ఆ నిర్ణయాన్ని నీలి రంగు పత్రంగా ఇస్తారు, వాళ్లు దాన్ని 'బ్లూ' అనే పిలుస్తారు. అది వచ్చాక మంత్రులు కిక్కురుమనకూడదు. మీ దేశానికీ ఒక రంగు కాగితం పెట్టుకోండి, ఎపిసోడ్ చివర్లో అది ఎవరి చేతికి వచ్చిందో చూపించి ఆపేయొచ్చు.

ప్రశ్న: కేబినెట్ సెక్రటరీ పెద్దా, ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీ పెద్దా? గ్రూప్స్‌కి చదువుతున్నాను, మా రూంలో దీని మీద రోజూ గొడవ.
– ఒక పాఠకుడు, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: సర్వీసులో ఉన్న ఐఏఎస్‌లలో అందరికంటే పైన కేబినెట్ సెక్రటరీయే, పరీక్షలో అదే రాయండి. ప్రిన్సిపల్ సెక్రటరీని ప్రధాని తన నమ్మకం కొద్దీ ఎంచుకుంటారు, రిటైరైన వాళ్లని, బయటివాళ్లని కూడా తెచ్చుకోవచ్చు. వాజపేయి దగ్గర బ్రజేష్ మిశ్రా 1998 నుంచి జాతీయ భద్రతా సలహాదారుగా కూడా ఉన్నారు, ఆ రెండు కుర్చీలూ ఒకరివే అయినప్పుడు ఇంక ఎవరు పెద్ద అని అడిగే పనేముంది. అంటే మీ రూంలో ఇద్దరూ రైటే, కాకపోతే మార్కులు మొదటి వాడికి.

ప్రశ్న: ప్రధానికి ఉత్తరం రాస్తే ఎవరైనా చదువుతారా?
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: ఎవరో ఒకరు చూస్తారు, ప్రధానే చూస్తారని మాత్రం అనుకోకండి. ఫిర్యాదైతే నమోదు నంబరు ఇచ్చి సంబంధిత శాఖకో రాష్ట్రానికో పంపేస్తారు, పింఛను గొడవైతే తిరిగి తిరిగి మీ జిల్లాకే రావచ్చు. కేంద్రం ఫిర్యాదుల పోర్టల్లో నేరుగా వేస్తే ఆ అంచె తప్పుతుంది, అక్కడ పరిష్కారానికి 21 రోజుల గడువు పెట్టారు. ఏ ఆఫీసులో, ఏ తేదీన, ఏ కాగితం ఇచ్చారో ఒక్క పేజీలో రాయండి. ఉపోద్ఘాతం వద్దు, రసీదు కాపీ జతచేయండి.