లీకు ఆగింది, తోక మిగిలింది

ప్రశ్న: మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మా హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో రెండు కంపెనీల కాలమ్‌లు (పదార్థాలు విడిపోయే గొట్టాలు) మార్చి మార్చి వాడతాం. మొదటి కాలమ్ నుంచి విప్పిన స్టీలు గొట్టాన్ని రెండోదానికి బిగిస్తే కారింది. కొత్త గొట్టం, కొత్త ఫెర్రూల్ (గొట్టం చుట్టూ బిగుసుకుని అతుకును మూసే చిన్న ఉంగరం) వేసి సరిచేశాం. ఇప్పుడు ఆ గొట్టాన్నే మొదటి కాలమ్‌కు పెడితే చుక్క కూడా కారడం లేదు గానీ, గ్రాఫులో ముందుగా వచ్చే పీకులకు (శిఖరాలకు) తోకలు వస్తున్నాయి. కాలమ్ పాడైనట్టేనా?
– ఒక పాఠకురాలు, జీడిమెట్ల

జవాబు: పారేయకండమ్మా, దాని ఖరీదు నాకు తెలుసు. మీ రెండు తంటాలకూ మూలం ఒకటే అయి ఉంటుంది. ఫెర్రూల్ దాటి గొట్టం కొస ఎంత ముందుకు రావాలన్నది తయారీదారును బట్టి మారుతుంది. వాటర్స్ తరహా అమరికలో సుమారు 3.3 మిల్లీమీటర్లు, వాల్కో తరహాలో 2. స్టీలు ఫెర్రూల్ ఒకసారి గొట్టాన్ని కరిచిపట్టిందంటే ఇక జరగదు. పొడవు కొసను తక్కువ లోతున్న కాలమ్ రంధ్రంలో పెడితే అది ముందే అడుగుకు తగిలి, ఫెర్రూల్‌ను కూర్చోనివ్వదు. అందుకే కారింది. పొట్టి కొసను లోతైన రంధ్రంలో పెడితే ఫెర్రూల్ చక్కగా కూర్చుంటుంది, కానీ ముందు 1.3 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది.

ఇంతేనా అనుకోవద్దు. ఆ గుంటలో రెండున్నర మైక్రోలీటర్లకు పైగా పడుతుంది. 0.13 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న ఎర్ర గొట్టంలో దాదాపు 20 సెంటీమీటర్ల మేర నిండే ద్రవమది! నమూనా అక్కడ కలగలిసి ఆలస్యంగా బయటపడుతుంది. ముందు వచ్చే పీకులు సన్నవి కనుక దెబ్బ వాటికే ఎక్కువ. నన్నడిగితే కారే అతుకే నయం, కనీసం కంటికి కనిపిస్తుంది.

కాలమ్‌కో స్టీలు గొట్టం కేటాయించి చీటీ కట్టడం ఒక దారి. నేనైతే పీక్ (PEEK) అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం, వేళ్లతో బిగించే ప్లాస్టిక్ నట్, ఫెర్రూల్ వాడమంటాను. ఆ ఫెర్రూల్ ప్రతిసారీ కొత్త లోతుకు సర్దుకుంటుంది. గొట్టాన్ని కట్టర్‌తోనే తిన్నగా కోయండి, ఏటవాలు కోత మళ్లీ ఖాళీనే మిగులుస్తుంది. పంపు ఆపి, కొసను అడుగు తగిలేదాకా నెట్టి, అలాగే పట్టుకుని బిగించండి. చాలామంది ఇక్కడే చెయ్యి వదిలేస్తారు. తర్వాత పంపు నడుపుతూ టిష్యూ కాగితాన్ని అతుకు చుట్టూ తాకించి చూడండి. బఫర్ (ఉప్పు కలిసిన ద్రావణం) వాడుతుంటే అతుకుపై తెల్లటి ఉప్పు పొర కూడా లీకు జాడే.

మొబైల్ ఫేజ్‌లో (పంపు కాలమ్ గుండా నెట్టే ద్రవంలో) టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావకం ఉన్నా, ఒత్తిడి 400 బార్ దాటుతున్నా ఈ ప్లాస్టిక్ అమరిక వద్దు. అప్పుడు స్టీలే. కొత్త ఫెర్రూల్‌ను వేళ్లతో బిగించాక స్పానర్‌తో ముప్పావు చుట్టు చాలు, అదీ ఆ గొట్టం ఏ కాలమ్‌కు కేటాయించారో దాంట్లోనే పెట్టి.