పాత బొగ్గు కేంద్రంతో పోల్చేటప్పుడు

సౌర విద్యుత్తు చవకైతే బొగ్గు కేంద్రాలు ఇంకా ఎందుకు నడుస్తున్నాయని అడిగారు. మీరు మీ ఖర్చుల పట్టికలో కొత్త సౌర కేంద్రాన్ని కొత్త బొగ్గు కేంద్రంతో పోల్చారు. కానీ పాత బొగ్గు కేంద్రం పెట్టుబడి చాలావరకు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఇక మిగిలేది బొగ్గు, నిర్వహణ ఖర్చులే. ఆ పొగతో పోయే ఆరోగ్యం ఎవరి ఖాతాలోనూ పడదు. నాకు అది ఘోరమైన అన్యాయం అనిపిస్తుంది.

సౌర విద్యుత్తు ఖర్చులో అసలు కీలకం వడ్డీ. సౌర కేంద్రానికి ఇంధనం ఉచితమే, కానీ దాదాపు ఖర్చంతా ముందే పెట్టాలి. 25 ఏళ్ల అప్పుపై వడ్డీ 5 నుంచి 10 శాతానికి పెరిగితే ఏటా కట్టే వాయిదా ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీ పట్టికలో ముందు ఆ రేటు మార్చి చూడండి. రాత్రి సరఫరాకు బ్యాటరీ ఖర్చు విడిగా కలపండి.