ఫీజు సంగతి తర్వాత, ముందు ఆ 28 వేల సంగతి చూద్దాం

హైదరాబాద్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో టీమ్ లీడ్‌గా చేస్తున్న పాఠకుడు ఇలా రాశారు: "నాకు 33 ఏళ్లు. పెళ్లయింది, రెండేళ్ల పాప. చేతికి 46 వేలు వస్తుంది. ఇంటి అద్దె, సరుకులు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, బైక్ ఈఎంఐ, 5 వేల చీటీ అన్నీ కలిపి 35 వేలు పోతాయి. ప్రమోషన్ కోసం ఆన్‌లైన్ పీజీ చేద్దామనుకుంటున్నాను. ఎంబీఏనా, ఎంసీఏనా, గ్రూప్స్ కూడా రాస్తాను కాబట్టి ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషనా? ఎంబీఏకి 2.40 లక్షలు, నెలకు 10 వేల చొప్పున 24 నెలలు నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. ఒకేసారి కడితే 2.10 లక్షలే. రిజిస్ట్రేషన్ డబ్బుకి చీటీ పాడేస్తాను, 12 వేలు పోయినా పర్లేదు. బ్యాంకులో 28 వేలున్నాయి. ఆఫర్ ఈ నెలాఖరు వరకే."

ఏ కోర్సు అని అడిగారు గానీ, నా కళ్లు ఆ 28 వేల దగ్గరే ఆగిపోయాయి. మీ ఇంటికి నెలకు 35 వేలు కావాలి. అంటే రేపు జీతం ఆగితే మీ దగ్గరున్నది నెల రోజులకు కూడా చాలదు. ఇలాంటి పరిస్థితిలో రెండేళ్లపాటు నెలకు 10 వేలు కడతానని సంతకం పెట్టబోతున్నారు. 11 వేలు మిగులుతోంది, 10 వేలే కదా కట్టేది అనేది మీ లెక్క. మిగిలిన వెయ్యితో పాపకు జ్వరమొస్తే ఏం చేస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారు. నా దగ్గరికి వచ్చే సగం మంది కథ అక్కడే మొదలవుతుంది.

పోయినేడాది కూకట్‌పల్లి నుంచి ఒకాయన వచ్చారు. మీలాగే ఆన్‌లైన్ ఎంబీఏలో చేరారు, నాలుగో నెలలో ఉద్యోగం పోయింది. ఫోన్ తీసి మెసేజ్‌లు చూపించారు. ఒకే నెలలో 5న, 8న, 11న ఈఎంఐ వాళ్లు మూడుసార్లు ఆటో డెబిట్‌కి ప్రయత్నించారు, బౌన్స్ అయిన ప్రతిసారీ బ్యాంకు 500, జీఎస్టీతో కలిపి 590 కోసేసింది. అప్పిచ్చిన కంపెనీ వేసిన పెనాల్టీ వేరే. కోర్సు మానేస్తాను, ఈఎంఐ ఆపండి అని అడిగితే, మీ లోన్ మా దగ్గర లేదు కదా సార్ అన్నారట కోర్సు వాళ్లు. నిజమే, ఆయన సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లో అప్పిచ్చింది ఒక ఫైనాన్స్ కంపెనీ, ఫీజు కోర్సు వాళ్లకి అప్పుడే పూర్తిగా వెళ్లిపోయింది. కోర్సు ఆగింది, అప్పు ఆగలేదు, సిబిల్ కూడా దెబ్బతింది.

ఇక ఆ "నో కాస్ట్" మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకేసారి కడితే 2.10 లక్షలు, వాయిదాల్లో 2.40 లక్షలు అని మీరే రాశారు. ఆ 30 వేలు వడ్డీ కాక మరేంటి? ఏడాదికి సుమారు 13 శాతం పడుతోంది. కౌన్సెలర్ ట్యాక్స్ బెనిఫిట్ అని కూడా చెప్పే ఉంటారు. కొత్త పన్ను విధానంలో 80ఈ, అంటే చదువు అప్పు వడ్డీకి ఇచ్చే మినహాయింపు, లేదు, అసలు మీ జీతానికి అందులో కట్టాల్సిన పన్నే లేదు, ఇక మిగిలేదేముంది.

విచిత్రం ఏమిటంటే ఆరు నెలల ఖర్చు 35 వేల చొప్పున సరిగ్గా 2.10 లక్షలు, మీ ఎంబీఏ ఫీజెంతో అంత. ముందు ఆ డబ్బు జమ చేయండి. చీటీ ఇంకా తొమ్మిది నెలలుందని ఉత్తరం చివర్లో రాశారు కదా, పాడకండి, ఆఖరిదాకా ఉంచితే కమిషన్ పోను 95 వేల దాకా వస్తుంది. ఈఎంఐకి ఇద్దామనుకున్న 10 వేలు ఈ తొమ్మిది నెలలూ మీకు మీరే కట్టుకోండి, జీతం పడే అకౌంట్‌లో కాదు, వేరే బ్యాంకులో. అది 90 వేలు. ఉన్న 28 వేలతో కలిపితే 2.13 లక్షలు. ఇందులోంచి ల్యాప్‌టాప్‌కి, బావమరిది పెళ్లికి తీయడం లేదని ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి. కంపెనీ ఇన్సూరెన్స్ ఉందన్నారు, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, కాబట్టి సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ కూడా.

కోర్సుల మాట. గ్రూప్-1, గ్రూప్-2 రాయడానికి డిగ్రీ చాలు, దానికోసం పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పీజీ అక్కర్లేదు. ఇష్టంతో చదువుతానంటే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఉంది. ఎంసీఏ ఐటీలోకి మారాలనుకుంటేనే. మీ పనికి ఎంబీఏ సరిపోతుంది, కానీ ఇగ్నోలో అదే ఎంబీఏ మొత్తం ఫీజు లక్షలోపే, సెమిస్టర్ సెమిస్టర్‌కీ కట్టుకోవచ్చు. ఎక్కడ చేరినా ఆ యూనివర్సిటీకి ఆ కోర్సు ఆన్‌లైన్‌లో నడిపే అనుమతి ఉందో లేదో యూజీసీ డెబ్ (దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు చూసే విభాగం) వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఫోన్ చేసిన వాళ్ల మాట నమ్మొద్దు.

ఈ నెలాఖరు పోతే ఏమవుతుందని టెన్షన్ పడకండి, ఇగ్నోలో జనవరిలోనూ జూలైలోనూ ప్రవేశాలుంటాయి. ఈలోపు మీ హెచ్‌ఆర్‌ని ఒక్క మాట అడగండి: పీజీ చేస్తే కంపెనీ ఫీజులో కొంత ఇస్తుందా, అసలు మీరు చూస్తున్న ప్రమోషన్‌కి ఎంబీఏ కావాలని ఎక్కడైనా రాసి ఉందా?