జెన్‌కుట్సు దాచిలో మోకాలి నొప్పి: సమాధానం

షోటోకాన్ కరాటేలో చేరి రెండు నెలలైందని, హెయాన్ షోదాన్ కతా (ముందే నిర్ణయించిన కదలికల వరుస) చేస్తూ తిరిగేటప్పుడు ఎడమ మోకాలు లోపలివైపు నొప్పి పెడుతోందని, ముప్పై అయిదేళ్లకు మొదలుపెట్టడమే పొరపాటేమోనని మీరు అడిగారు. వయసు అడ్డంకి కాదు. మీరు వివరించినదాన్ని బట్టి చూస్తే తిరిగే పద్ధతిలోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

మొదటి ఓయి జుకి (ముందుకు అడుగేసి కొట్టే గుద్దు) తర్వాత కుడికాలిని వెనక్కి తెచ్చి 180 డిగ్రీలు తిరిగే చోట శరీరం బరువంతా ఎడమ పాదం మీద ఉంటుంది. అప్పుడు అరికాలు నేలకు, ముఖ్యంగా రబ్బరు మ్యాట్‌కు, అతుక్కుపోయి నడుము మాత్రమే తిరిగితే ఆ మెలిక మొత్తం మోకాలే భరించాలి. కనుక పాదమూ మోకాలూ కలిసి ఒకే దిశకు తిరిగేలా, మొదట చాలా నెమ్మదిగా, గట్టి నేల మీద సాధన చేయండి. జెన్‌కుట్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి వెనక కాలు చాచి నిలబడే భంగిమలో, నిలిచినప్పుడు ముందు మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల దిశలోనే వంగాలి. పాదాల మధ్య అడ్డంగా భుజాలంత ఎడం ఉండాలి.

కొన్ని వారాలు మోకాలు తక్కువగా వంచి, తక్కువ లోతులోనే నిలబడండి. కరాటే గురువు ఇటోసు అంకో ఒకినావా పాఠశాల విద్యార్థుల కోసం కూర్చిన కతా ఈ హెయాన్ షోదాన్. కాస్త ఎత్తుగా చేసినంత మాత్రాన దాని విలువ తగ్గదని నా దృఢమైన అభిప్రాయం. తరగతికి ముందే మీ సెన్సేయికి (గురువుకు) నొప్పి సంగతి చెప్పండి. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినా సాధన ఆపి ఎముకల వైద్యునికి చూపించండి.