విద్యార్థి నాయకులు చదువుకీ పనులకీ టైమ్ ఎలా సర్దుకోవాలి?

క్లాసులు, అసైన్‌మెంట్లు, వాటికి తోడు విద్యార్థి సంఘం బాధ్యతలు. రెండూ దెబ్బతినకుండా ఎలా నడపాలని అడిగారు.

ముందు పరీక్షలు, సబ్మిషన్ తేదీలు క్యాలెండర్‌లో రాసేయండి. మీటింగులు మిగిలిన ఖాళీల్లోకే రావాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, చిక్కంతా అక్కడే.

ఇంకొకటి, పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో సైకాలజీ విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందనుకున్నారు, పట్టింది 55 రోజుల పైనే. కాబట్టి పోస్టర్ పనికి రెండు గంటలు చాలనిపిస్తే మూడున్నర పక్కన పెట్టండి. పోయినసారి నిజంగా ఎంత పట్టిందో చూసుకుంటే ఇంకా మంచిది.

అన్నీ నెత్తిన వేసుకోకండి. అలాగని "హాల్ సంగతి కాస్త చూడు" అని వదిలేస్తే ఆ పని తిరిగి మీ దగ్గరికే వస్తుంది. "బుధవారం సాయంత్రంలోగా హాల్ బుక్ చేసి, రసీదు గ్రూపులో పెట్టు" అని చెప్పండి. మాటిమాటికీ ఫోన్ చేసి ఆరా తీయాల్సిన టెన్షన్ ఉండదు.

మీటింగ్ ఎన్నింటికి ముగుస్తుందో ముందే చెప్పేయండి. నిద్ర మాత్రం తగ్గించుకోవద్దు, మర్నాడు క్లాసులో కూర్చున్నా ఏదీ బుర్రకెక్కదు.